పాల కింద కాఫీ

"అచ్చం సలోమి చేతి చాయే" అని అత్త ధనమ్మ మెచ్చుకున్నప్పుడల్లా, వంటింట్లో తన వెనక ఎవరో వచ్చి నిలబడ్డట్లు అనిపిస్తుంది ఆశాకు. సలోమి ఆమె సొంత అక్క. కామెర్లతో పోయి మూడేళ్లయింది. ఏడాది తిరగకుండానే బావ కృపాకర్‌కు ఆశాను ఇచ్చి చేశారు. తెలిసిన ఇల్లు, తెలిసిన మనుషులు, పిల్లకు ఏ లోటూ ఉండదని కన్నవాళ్లు అనుకున్నారు. అత్తగారింటి లోటు తీరిందన్నది మాత్రం నిజం. అక్క తాగిన గ్లాసు, అక్క కూర్చున్న పీట, అక్క పడుకున్న మంచం అన్నీ చెల్లెలికి వచ్చాయి. చీరలు కూడా వచ్చాయి. కొత్తది కొనుక్కుంటానంటే "ఉన్నయి గదా, పురుగులకు పెట్టాల్నా?" అంది ధనమ్మ.

చాయ్‌లో శొంఠి వేయమని ఆశాకు ఎవరూ చెప్పలేదు. ఆమెకు ఆ వాసనే గిట్టదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక పొద్దున చేయి తనంతట తానే లేచి, పై అరలో డబ్బాల వెనక దాగి ఉన్న శొంఠి సీసాను పట్టుకుంది. అది అక్కడ ఉన్నట్లు తనకెలా తెలుసో ఆమెకు ఇప్పటికీ అంతుపట్టదు. ధనమ్మ ఒక గుటక తాగి, కళ్లు మూసుకుని, "వచ్చినవా బిడ్డా" అంది. ఆశా మెచ్చుకోలుకు సంతోషించాలో, ఆ పిలుపుకు పారిపోవాలో తెలియక గ్లాసులు కడుగుతూ ఉండిపోయింది.

తనదని చెప్పుకోవడానికి ఆమెకు మిగిలింది ఒక్క కొలువే. రోజూ చేవెళ్లలో బస్సెక్కి, మొయినాబాద్ దగ్గర ఫామ్‌హౌస్‌ల దారిలో ఉన్న కాఫీ షాపుకు వెళ్తుంది. "పాలు కాగబెట్టుడు గూడ ఒక నౌకరేనా" అని కృపాకర్ నవ్వుతాడు. ఇంట్లో కాగబెట్టినన్నాళ్లూ ఎవరూ దాన్ని నౌకరీ అనలేదు కదా అని ఆమెకు నోటి దాకా వస్తుంది. అతను అప్పటికే టీవీ వైపు తిరిగి ఉంటాడు.

షాపులో కొత్తగా చేరిన వర్షిత ఒకరోజు విసుక్కుంది. "అన్నిట్ల కాఫీ, పాలే గదక్కా. గిన్ని పేర్లెందుకు?"

ఆశా చిన్న కప్పులో ఎస్ప్రెస్సో పట్టి ఆమె ముందు పెట్టింది. "ముందుగాల గిది చూడు. రెండు గుటకలు, చిక్కగ, చేదుగ. దేంట్లనైన అడుగున ఉండేది గిదే. మీద ఒక చెంచెడు నురగ పెడితే మకియాటో. కొన్ని పాలు పోసి, పైన మందంగ నురగ నింపితే కాపుచినో. కప్పు నిండుగ కనబడ్తది గని లేపితే అల్కగుంటది. లాటేల పాలే ఎక్కువ, నురగ సన్నటి పొర. ఫ్లాట్ వైట్‌ల నురగ గింకా సన్నగ, పాలు తక్కువ. కాఫీ రుచి మంచిగ తెలుస్తది. చాక్లెట్ కలిస్తే మోకా. పాలు లేకుంట ఉత్త వేడినీళ్లు పోస్తే అమెరికానో."

"మరి లాటేల గింకా పాలు పోసుకుంట పోతే?"

"అప్పుడు దానికి పేరుండదే. అవి పాలే."

అన్న తర్వాత ఆ మాట ఆమెకే భయం కలిగించింది. ఆ మధ్యాహ్నమే ఎవరో మకియాటో అడిగారు. పాలలోకి ఆవిరి పట్టే గొట్టం బుసకొడుతోంది. ఆ చప్పుడులో ఎవరో సలోమీ, సలోమీ అని పిలుస్తున్నట్లు వినిపించింది. నురగ పాలను కప్పులోకి వంచింది. కప్పు నిండినా ఆమె చేయి ఆగలేదు. పాలు సాసర్ నిండి, బల్ల మీదుగా కారి పాదాల మీద పడ్డాయి. వర్షిత వచ్చి చేయి పట్టుకుంది.

"ఏమైందక్కా? ఎవ్వల్తోని మాట్లాడుతున్నవ్? వస్తున్న అత్తమ్మా, వస్తున్న అత్తమ్మా అంటున్నవ్."

ఆ ఆదివారం ఇంటి ముందు టెంటు వేసి సలోమి జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ఆశా తెల్లవారక ముందే లేచి వంటలు మొదలుపెట్టింది. పెద్ద గిన్నెలో చాయ్ మరిగించి, గ్లాసుల పళ్లెంతో బయటికి వచ్చాక గానీ గోడకు కట్టిన ఫ్లెక్సీని చూడలేదు. "ప్రభువునందు నిద్రించిన సలోమి" అని రాసి ఉంది. దాని పైన నవ్వుతున్న మొహం ఆశాది. భుజం మీద కాఫీ షాపు ఏప్రన్ గోధుమరంగు పట్టీ కూడా స్పష్టంగా ఉంది.

పళ్లెం కింద పెట్టి కృపాకర్‌ను పక్కకు పిలిచింది. "బావా, అది నేను."

అతను ఫ్లెక్సీని చూశాడు, ఆమెను చూశాడు, మళ్లీ ఫ్లెక్సీని చూశాడు. "ఫోన్ల ఉన్నది పంపిన. ఇద్దరు ఒక్కతీరే ఉంటిరి. పాస్టరయ్య గూడ వచ్చిండు, గిప్పుడు యాడ మారుస్తం? ఎవ్వరు చూస్తరు, ఊకో."

అతను చెప్పినట్లే ఎవరూ చూడలేదు. వచ్చిన వాళ్లు ఫొటో ముందు నిలబడి కళ్లు తుడుచుకున్నారు, ఆమె అందించిన చాయ్ తీసుకున్నారు. "బంగారమసొంటి పిల్ల" అని పక్కింటి సుగుణమ్మ ఫొటోను చూసి ముక్కు చీదింది. పక్కకు చేయి చాచి, చాయ్ ఇస్తున్నదెవరో చూడకుండానే గ్లాసు అందుకుంది. ఆశాకు తన చావు తనకు కనబడుతున్నట్లుంది. తన వేళ్లను ఒకదానితో ఒకటి గట్టిగా నొక్కి చూసుకుంది.

పాట అయ్యాక పాస్టర్ ప్రేమదాసు, పోయినామె గురించి ఇంటివాళ్లు నాలుగు మాటలు చెప్పాలన్నాడు. ధనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "సొంత చెల్లె ఉన్నది గదయ్యా" అంది. ఆశా లేచి వెళ్లి తన ఫొటో కింద నిలబడింది. అప్పుడు గుర్తొచ్చింది అక్క ఫోన్లో అన్న మాట. పెళ్లయిన కొత్తలో సలోమి గొంతు తగ్గించి, "చెల్లే, గీ ఇంట్ల నా చేతులు నావి కావనిపిస్తున్నదే. నేను చాయ్ పెడితే అత్తమ్మ 'అచ్చం మా అత్త చేతి చాయే' అంటది" అంది. ఆ రోజు ఆశా పగలబడి నవ్వింది. ఇప్పుడు అర్థమైంది. తన వెనక వంటింట్లో నిలబడేది అక్క కాదు, అక్కకంటే ముందటి వాళ్లెవరో. ఈ ఇల్లు అక్కను కూడా ఇలాగే, తనకంటే ముందు, తుడిచేసింది.

"మా అక్కకు శొంఠి చాయ్ అస్సలు పడకపోతుండె" అంది ఆశా. "గట్టిగ నవ్వేది. చెట్లెక్కేది. గీ ఫొటో ఆమెది గాదు, నాది. నా పేరు ఆశా. నేను బతికే ఉన్న."

టెంటు కింద అందరి చూపులూ ఫొటో మీది నుంచి ఆమె మీదికి, ఆమె మీది నుంచి ఫొటో మీదికి తిరిగాయి. ధనమ్మ మొహం తెల్లబోయింది. "మరి సలోమి ఏదిరా?" అని కొడుకు భుజం పట్టి ఊపింది.

కృపాకర్ గబగబా ఫోన్ తీశాడు. వేలితో ఒక్కొక్క ఫొటో జరుపుతూ, ఒకదాని దగ్గర ఆగి, పెద్దది చేసి, తల అడ్డంగా ఊపి మరొకటి తీశాడు. తల్లి కూడా వంగి చూసింది. అన్నింట్లో అదే వాకిలి, అవే చీరలు, చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ ఆడమనిషి. కృపాకర్ ఫోన్ ఆశా వైపు తిప్పి, పెళ్లయ్యాక మొదటిసారి ఆమెను పేరు పెట్టి పిలిచాడు.

"ఆశా, జర నువ్వే చెప్పు. గిండ్ల సలోమి ఎవరు?"

ఆశా ఆ ఫోన్ వైపు చూడలేదు. చెప్పులు వేసుకుని, జనం మధ్య నుంచి బస్టాండు దారి పట్టింది.