వెలిసిపోని పగడాలు

చెల్లెలు తలుపు తీయగానే, చెప్పులైనా విప్పకుండా "ఏదీ ఆ ఫోను? చెరిపేశావా ఏం?" అంది ఎర్రక్క.

"ఇంకా లేదు. నువ్వు పక్కనుంటే చెరుపుదామని."

"నా పక్కన ఆ పని చేశావంటే చెంప పగిలిపోతుంది!"

ఆమెకు ఎర్రక్క అని పేరు పడింది చేతుల వల్ల. పూసల కార్ఖానాలో రంగుల గది ఆమెది. తెల్లగా వచ్చిన పగడపు ముక్కలకు ఎర్ర రంగు పట్టించి పంపడం పన్నెండేళ్ళుగా ఆమె పని. గోళ్ళ సందుల్లో చేరిన ఎరుపు ఏ సబ్బుకీ వదలదు. నలుగురిలోకి వెళ్ళాలంటే చేతులు రెండుసార్లు తోముకుని, అప్పటికీ కొంగులో దాచుకునేది. ఇవాళ మాత్రం చెల్లెలి ఫోను రాగానే రంగు తొట్టి దగ్గర నుంచి అలాగే పరుగెత్తుకొచ్చింది.

చెల్లెలి మొగుడు లిఫ్టుల మెకానిక్కు. పోయి తొమ్మిది నెలలైంది. అతను ఫోనులో పంపిన గొంతు సందేశాలు నలభై మూడు మిగిలాయి. వాటిలో ప్రేమ కబుర్లేమీ లేవు. "ఉల్లిపాయలు తేవాలా? చెప్పవేం? తెచ్చాక ఇంట్లో ఉన్నాయని తిడతావు" లాంటివే అన్నీ. పొద్దున్నే ఒకటి వింటే గానీ ఆ పిల్ల మంచం దిగేది కాదు.

ఇప్పుడు వాటిని చెరిపెయ్యమంది స్ఫటికాల మేడమ్. దుఃఖాన్ని రాళ్ళతో తగ్గిస్తానని బోర్డు పెట్టుకున్న మహాతల్లి. ఎనిమిది మంది ఆడవాళ్ళను గుండ్రంగా కూర్చోబెట్టి, మెళ్ళో తలా ఒక పగడాల దండ వేసింది. రోజూ ఉప్పునీళ్ళలో కడిగి వేసుకోవాలట, దుఃఖాన్ని పీల్చుకునే కొద్దీ పగడం తెల్లబడుతుందట, బయటివాళ్ళెవరికీ చూపించకూడదట.

"ఏడుగురివి తెల్లబడ్డాయక్కా. నాది ఒక్కటే ఇలా ఉంది. అందరి ముందూ నన్ను నిలబెట్టి, నువ్వు మీ ఆయన్ని పట్టుకుని వేలాడుతున్నావు, నీ వల్ల ఆయనకూ శాంతి లేదు అన్నారు. ఆరింటికి వెళ్ళేలోపు ఆ గొంతు ఫోనులో ఉండకూడదన్నారు." చెల్లెలు కళ్ళు తుడుచుకుంది. "నిజమేనేమో. నాలోనే ఏదో లోపముంది."

ఎర్రక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ముందు ఆ దండ ఇలా తియ్యి," అంది.

"ఎవరికీ చూపించకూడదని..."

"తియ్యవే!"

దండ చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరకు నడిచింది. దారాన్ని పక్కకు జరిపి ఒక పూసను వెలుతురుకు ఎత్తి పట్టింది. రంధ్రం లోపల కూడా ఎరుపే. కార్ఖానాలో ఇంకెవరూ అంత ఓపిక పట్టరు. పైపైన ముంచి తీసేస్తారు. రంధ్రం లోపలి దాకా రంగు పట్టించే పిచ్చిది ఒక్కతే ఉంది. ఇది తన చేతి పనే.

ఏడాది కిందట ఒక ఆర్డరుతో వచ్చిన చీటీ గుర్తొచ్చింది. "రంగు చాలు, మైనం వద్దు" అని రాసి ఉంది. పైన మైనం పూత లేకపోతే రంగు ఎన్నాళ్ళుంటుంది? రాసినవాడికి మతి పోయిందనుకుని, నా చేతి మీదుగా వెలిసిపోయే సరుకు పోకూడదని పౌరుషానికి పోయి, మొదటి పళ్ళెం మొత్తానికి మైనం పట్టించింది. మేస్త్రీ వచ్చి కేకలేశాక మిగతావి ఉత్త రంగుతోనే పంపింది. ఎందుకు వద్దన్నారో అప్పుడు అడగలేదు. ఇప్పుడు అడగాల్సిన అవసరమే లేదు.

"చాకు ఇవ్వు. గోళ్ళరంగు తుడిచే మందుంటే అదీ, కాస్త దూదీ."

మందు సీసా అద్దం దగ్గర దుమ్ము పట్టి ఉంది. ఎర్రక్క చాకుతో పూస మీది మైనాన్ని గీకింది. మందులో తడిపిన దూదితో గట్టిగా రుద్దింది. దూది ఎర్రగా తడిసింది. పూస పాలిపోయి తెల్లగా తేలింది.

"ఇదిగో, పోయింది నీ దుఃఖం! రెండు నిమిషాలు పట్టింది. ఆ మేడమ్ దొంగముండ! మిగతా వాళ్ళవి ఉప్పునీళ్ళకే వెలిశాయి. నీది వెలవదు. నువ్వు చచ్చేదాకా ఏడ్చినా వెలవదు."

"ఎందుకు?"

అబద్ధం చెప్పొచ్చు. ఎవరో చేశారు, నాకేం తెలుసు అంటే ఈ పిల్ల నమ్ముతుంది. ఎర్రక్క దూది పక్కన పెట్టింది.

"ఎందుకంటే అది నేను చేశాను. మైనం పూసి నా పనితనం చూపించుకున్నాను. నీలో ఏ లోపమూ లేదే."

చెల్లెలు ఆ దూదిని చేతిలోకి తీసుకుని చూసింది. తల ఎత్తేసరికి మొహంలో ఏడుపు లేదు. తొమ్మిది నెలల్లో మొదటిసారి ఆ కళ్ళలో కోపం కనిపించింది, అదీ అక్క మీద.

"తెల్లవాటికి రంగు వేసి పంపుతున్నావని నీకు తెలుసు."

"తెలుసు."

"అవి ఎవరి మెళ్ళోకి పోతున్నాయో ఎప్పుడైనా అడిగావా?"

"నా పని రంగు వెయ్యడం వరకేనే..."

"ఆవిడా అలాగే అంటుంది, రాయి ఇవ్వడం వరకే తన పనని! నా మొగుడి గొంతు నా చేత్తోనే నొక్కించబోయారు కదే మీరంతా!"

ఆవిడను తిట్టడానికి ఎర్రక్క దాచుకున్న తిట్లన్నీ తనకూ సరిపోతున్నాయి.

చెల్లెలు ఫోను రవికెలో దోపుకుంది. మందు సీసా, చాకు, దూది, దండ సంచిలో వేసుకుని చెప్పులు తొడుక్కుంది. "పద. ఆరింటికి అందరూ వస్తారు. ఆ ఏడుగురి ముందూ ఇప్పుడు చూపించిందే చూపించు. ఎవరు చేశారో కూడా చెప్పు."

"నా ఉద్యోగం పోతుందే."

"పోనీ."

ఎర్రక్క లేచింది. బయటికి వెళ్ళే ముందు అలవాటు చొప్పున వంటింట్లోకి నడిచి కుళాయి తిప్పింది. చెల్లెలు వెనకే వచ్చి దాన్ని కట్టేసింది.

"చేతులు కడుక్కోకు. అలాగే రా."