మెలికల ముగ్గులో మరబండి

పెద్దమనుషులకు స్వాగతం పలకడంలో హెడ్మాస్టరు సుబ్రమణ్యంగారికున్న నేర్పు చుట్టుపక్కల మరొకరికి లేదని చెప్పుకుంటారు. కారు మలుపు తిరగకముందే మేళం మొదలవ్వాలి, దిగీ దిగగానే మెడలో దండ పడాలి, కుర్చీలో కూర్చోగానే చేతికి టెంకాయ నీళ్ళు అందాలి. ఇవన్నీ ఆయనకు కొట్టినపిండి. పిల్లలు మాత్రం పూలపళ్ళాలు పట్టుకుని రెండు వరుసల్లో ఎండలో నిలబడతారు. ఆ పూట లెక్కల క్లాసు పోయిందే అని నొచ్చుకున్నవాళ్ళు మనలో ఎంతమంది, పాఠకులారా? మనమూ అలా నిలబడి పెరిగినవాళ్ళమే కనుక అందులో తప్పున్నట్టు మనకు తోచదు.

అలాగని సుబ్రమణ్యంగారికి పిల్లలంటే ప్రేమ లేదనుకునేరు. నగరి పక్కన మరమగ్గాల ఊళ్ళో ఉన్న ఆ హైస్కూలే ఆయన సంసారం. ఎవరికి జ్వరమొచ్చినా స్కూటరు మీద ఆసుపత్రికి తీసుకుపోయేది ఆయనే. 2006లో సైన్సు టీచరు రేవతి వచ్చి "పిల్లలతో రోబోటిక్స్ క్లబ్బు పెడతాను సార్" అన్నప్పుడు, ఆ మాటకు అర్థం తెలియకపోయినా ల్యాబు పక్కనున్న ఖాళీ గది తాళంచెవి ఆమె చేతిలో పెట్టేశారు.

ఏడాది తిరిగేసరికి ఆ గదిలో ఒక మరబండి పుట్టింది. దానికి పాత టేపురికార్డరు మోటార్లు, బొమ్మకారు చక్రాలు, రేవతి చెన్నై బస్సెక్కి వెళ్ళి తెచ్చిన చిన్న చిన్న సెన్సర్లు. బండి ఆలోచన తొమ్మిదో తరగతి ఐశ్వర్యది. వాళ్ళమ్మ మునిరత్నమ్మ మగ్గాల షెడ్డులో నూలు కండెల బుట్ట చంకనెత్తుకుని పొద్దంతా మగ్గం నుంచి మగ్గానికి తిరుగుతుంది. సాయంత్రానికి మోకాళ్ళు పట్టేసి, గోడ పట్టుకుని కూర్చుంటుంది. ఆ బుట్టను అమ్మ చంకలోంచి దించి బండి మీద పెట్టాలని ఆ పిల్ల కోరిక.

అంతలో పైనుంచి కబురొచ్చింది. జూన్‌కల్లా ఆ గదిని పాఠ్యపుస్తకాల గోడౌనుకు ఖాళీ చేయాలట. గది పోతే క్లబ్బు పోయినట్టే. దాన్ని ఆపగలిగినవాడు జిల్లా పరిషత్తు సభ్యుడు ఆదిమూలం ఒక్కడే.

"దిగులు పడొద్దు రేవతమ్మా," అన్నారు సుబ్రమణ్యంగారు ఉత్సాహంగా. "ఆయన్నీ పిలస్తాం, పేపరోళ్ళనీ పిలస్తాం. ఈ బండి చేతనే ఆయనకి దండ ఎయ్యిస్తాం. మిషనే వచ్చి దండ ఏసిందంటే ఫోటో పడకుండా యాడికి పోతాది?"

రేవతి ముఖం చిన్నబోయింది. "సార్, అది కండెలు మోసేదానికి చేసింది కదా."

"కండెల్ని ఎవురు సూస్తారమ్మా? గది నిలవాల్నా, వద్దా?"

రేవతి ఐశ్వర్యను పిలిచి ఆ మాట చెప్పింది. ఆ పిల్ల బుట్ట తీసేసి, బండికి రెండు వెదురు బద్దలు కట్టి, వాటికి చామంతి దండ తగిలించింది.

సభనాటి ఉదయం సుబ్రమణ్యంగారు హాల్లో అడుగుపెట్టి ఉసూరుమన్నారు. నల్లటి కడప బండల మీద గుమ్మం నుంచి వేదిక దాకా ఒకే ఒక్క తెల్ల గీత! పెద్దమనిషి వస్తుంటే హాలు ఇలా బోసిగా ఉండటమా? పిల్లలు ఇడ్లీలు తినడానికి వెళ్ళారు. కూతురి బండిని చూడాలని పని మానుకుని వచ్చిన మునిరత్నమ్మ ఒక మూల ఒదిగి నిలబడి ఉంది. వాళ్ళ వీధిలో ఆమె ముగ్గుకు సాటి లేదు.

"మునిరత్నమ్మా, ఈడ మంచి మెలికల ముగ్గొకటి ఎయ్యమ్మా. హాలు కళకళలాడిపోవాల," అన్నారాయన.

పిల్లలు గీత గీసి వదిలిన ముగ్గుడబ్బా అందుకుని ఆమె సంబరంగా చుక్కలు పెట్టింది. గుమ్మం దగ్గరున్న గీతనే అందుకుని, చుక్కల చుట్టూ తిప్పి, హాలంతా అల్లుకుంటూ పోయింది. వేదిక దగ్గర మిగిలిన గీత అందం చెడగొడుతోందని తుడిచేసింది. చివరికి పక్కగోడ దగ్గర, ముగ్గుడబ్బా పెట్టుకున్న చోట ముగించింది.

ఆ రోజు ఆదిమూలం చెప్పిన వేళకన్నా ముందే వచ్చేశాడు. మేళం మోగింది, జనం ముగ్గు తొక్కకుండా గోడలవారగా లోపలికి తోసుకొచ్చారు. చిత్తూరు నుంచి వచ్చిన విలేకరి ధర్మేంద్ర కెమెరా సిద్ధం చేసుకున్నాడు. పిల్లలు పరుగున వచ్చేలోపే సుబ్రమణ్యంగారు గుమ్మం దగ్గర గీత మీదున్న బండి స్విచ్చి తానే నొక్కేశారు. దాని గురించి ఆయనకు తెలిసిందల్లా ఆ స్విచ్చి ఒక్కటే.

బండి కదిలింది. వేదిక ముందు కుర్చీలో కూర్చున్న ఆదిమూలం నవ్వుతూ మెడ వంచాడు. బండి చుక్క చుట్టూ తిరిగి పక్కకు వెళ్ళిపోయింది. ఆయన మెడ ఎత్తాడు. మళ్ళీ ఎదురుగా వచ్చేసరికి మళ్ళీ వంచాడు. అది మరో మెలిక తిరిగి వీపు చూపించింది.

"ఏందన్నా, మీతో దాగుడుమూతలాడతా ఉండాదే!" అన్నాడు ధర్మేంద్ర. హాలంతా ఘొల్లుమంది. ఆదిమూలం ముఖం కందిపోయింది. సుబ్రమణ్యంగారు గది మీద ఆశ వదులుకున్నారు.

బండికి ఇదేమీ పట్టలేదు. ముగ్గంతా తిరిగి, పక్కగోడ దగ్గరికి పోయి, డబ్బా పక్కనే నిలబడ్డ మునిరత్నమ్మ ఎదుట ఆగింది. దండ సరిగ్గా ఆమె ముందు వేలాడుతోంది.

"నాకెందుకు సామీ! పో, ఆయనకెయ్యి!" అని బండిని బతిమాలుతూ ఆమె స్తంభం చాటుకు నక్కింది.

"పాడైపోయిందా పాపా?" అన్నారు సుబ్రమణ్యంగారు ఏడుపుగొంతుతో.

"ల్యా సార్, బాగనే ఉండాది," అంది ఐశ్వర్య. "అది తెల్ల గీత పట్టుకోని పోతాది, గీత అయిపోతే నిలిచిపోతాది. అమ్మ యాడ ముగించిందో ఆడికే పోయింది. ఒక్క మెలిక గూడా తప్పలేదు సార్!"

చివరి మాట అంటున్నప్పుడు ఆ పిల్ల కళ్ళు మెరిశాయి. సుబ్రమణ్యంగారు ఆ కళ్ళకేసి చూసి సిగ్గుపడ్డారు. వచ్చిన ప్రతి నాయకుడికీ ఏ పువ్వు ఇష్టమో కనుక్కున్నవాడు, తన బడిలో ఏడాదిగా తయారవుతున్న బండి ఎలా నడుస్తుందని ఒక్కసారైనా అడగలేదు!

ఆయన వెళ్ళి వెదురు బద్దల మీది దండ తీసి పక్కన పెట్టారు. "అయ్యా, తప్పు నాది. దండలు ఎయ్యడం దీని పని కాదు. మగ్గాల కాడ కండెలు మోసేదానికి పిల్లకాయలు చేసినారు. దీని బతుకంతా ఆ గదిలో ఉండాది. ఒక్కసారి దీని పని సూడండి," అన్నారు చేతులు జోడించి.

ఐశ్వర్య బండిని మళ్ళీ గుమ్మం దగ్గరికి తెచ్చి, దాని మీద కండెల బుట్ట పెట్టింది. చక్రాలు చెరిపిన చోటల్లా మునిరత్నమ్మ వంగి గీత సరిదిద్దింది. ఈసారి బండి కండెలు మోస్తూ కదిలింది. ఆమె అలవాటుగా దాని వెనకే నడిచింది. ఖాళీ చేతులు ఏం చేసుకోవాలో తెలియక కొంగు పట్టుకుంది. ధర్మేంద్ర నవ్వు మానేసి ఆ ఫోటో తీశాడు.

ఆదిమూలం కుర్చీ దిగి వచ్చి ముగ్గు పక్కన గొంతుక్కూర్చున్నాడు. బండి ముగ్గంతా తిరిగి ఆగేదాకా లేవలేదు. "పుస్తకాలకి ఇంకోచోటు నేను సూస్తాను. ఆ గది పిల్లకాయలకే ఉండనీ. ఇది ముందే సూపించకూడదా సుబ్రమణ్యం? నా మెడకి గూడా నొప్పి తప్పేది," అన్నాడు. ఈసారి హాలుతో పాటు ఆయనా నవ్వాడు.

సుబ్రమణ్యంగారు మైకు ముందుకు వచ్చారు. ఎప్పుడూ చదివే స్వాగతపత్రం జేబులోంచి తీయలేదు.

"ఇన్నేండ్లు పిల్లకాయల్ని ఎండలో నిలబెట్టి పెద్దోళ్ళకి దండలు ఎయ్యించినాను. వాళ్ళు చేసినదాన్ని గూడా దండ మోసేదానికే వాడుకోవాలని సూసినాను. పిల్లకాయల తెలివి మనకి అలంకారం కాదప్పా. దాని ముందర మనమే కూర్చోని నేర్చుకోవాల."

అని, పంచె సర్దుకుని బండి పక్కన నేలమీద చతికిలబడ్డారు. "ఇప్పుడు చెప్పు పాపా. ఆ తెల్ల గీత దీని కంటికి ఎట్లా కనపడతాది?"