నీడన తీసే మరక

గోరువెచ్చని నీళ్లలో తెల్లటి పొడి వేసి నబీ సాబ్ వేప పుల్లతో తిప్పుతున్నాడు. కాసేపు తిప్పి ఆగుతాడు, పింగాణీ గిన్నె వంచి అడుగు చూస్తాడు, రవ్వంత పలుకు కనబడినా మళ్లీ తిప్పుతాడు. ఏళ్ల తరబడి ఆ నీళ్లలో నాని ఆయన వేలి కొసలు పాలిపోయాయి, గోళ్లు పెళుసెక్కి అంచుల్లో రాలిపోతున్నాయి. మనిషి సన్నగా, కాస్త వంగి ఉంటాడు. ఆయన్ని ఊళ్లో మరకల నబీ అంటారు. ఆ పేరు తనకు నచ్చదని చెబుతాడు గానీ, అలా పిలిస్తే ఠక్కున పలుకుతాడు.

గద్వాలలో మగ్గం ఉన్న ఇళ్లన్నీ ఆయనకు తెలుసు. మగ్గం మేకు తగిలినా, ఇనుప పెట్టెలో చెమ్మ చేరినా చీర మీద తుప్పు మరక పడుతుంది. దాన్ని ఏ సబ్బూ కదిలించలేదు. పొడి కలిపిన నీళ్లు మాత్రం తుప్పును బట్టలోంచి మెల్లగా లాగి తమలో కలిపేసుకుంటాయి. నీళ్లు లేత ఆకుపచ్చగా మారతాయి. అక్కడే అసలు చిక్కుంది. ఆ నీళ్లకు ఎండ తగలకూడదు. తగిలిందా, కరిగిన ఇనుమంతా పసుపు పొడిగా విరిగి, పోగుల మధ్య దిగబడిపోతుంది. దాన్ని వదిలించాలంటే బట్ట మొత్తం మళ్లీ నానేసి, నీళ్లు మార్చి మార్చి ఉతకాల్సిందే. ఒకసారి చీర కోసం వచ్చిన కాలేజీ కెమిస్ట్రీ సారు ఆ పసుపు పొడి పేరు ఐరన్ ఆక్సలేట్ అని చెప్పాడు. నబీ సాబ్ ఆ పేరు మర్చిపోకుండా ఉంచుకుని, ఎదురైన వాళ్లందరికీ చెప్పి కొన్నాళ్లు విసిగించాడు.

అందుకే పడమటి వసారాలో, గోడ నీడన పని చేస్తాడు. ఎండ వసారాలోకి దిగేలోపు బట్టను మంచినీళ్లలో జాడించేయాలి. పని మధ్యలో ఎవరు పిలిచినా ఒకటే జవాబు. "జర ఆగు, కడిగి వస్త." చుట్టాలు వచ్చినా అదే, అన్నం చల్లారిపోతున్నా అదే. కూతురు ముబషిరా పుట్టిందని మంత్రసాని కేకేసినప్పుడు కూడా అదే అన్నాడు. భార్య హలీమాబీ ఆ సంగతి నవ్వుతూనే చెప్పుకునేది, కానీ ఎన్నేళ్లయినా చెప్పడం మాత్రం మానలేదు.

ఇప్పుడామె లోపలి గదిలో నులక మంచం మీద, తలగడలకు ఆనుకుని కూర్చునే ఉంది. పడుకుంటే ఊపిరి ఆడదు. గుండె బాగా చెడిపోయిందని, ఇంటికి తీసుకుపొమ్మని కర్నూలు దవాఖానలో చెప్పి పంపారు.

పొద్దున ఆమె కూతురు ముబషిరాతో పెట్టె తీయించింది. హజ్ నుంచి వచ్చేటప్పుడు ఆమె అన్న మక్కాలోని పవిత్రమైన జంజం నీళ్లలో ముంచిన కఫన్ గుడ్డ తెచ్చి ఇచ్చాడు. తాను పోయిన రోజు ఒంటికి చుట్టాల్సిన గుడ్డ అది. సంచిలో మడత పెట్టినది ఇంకా చెమ్మగానే ఉంటే, ఎండలో వేస్తే ఆ నీళ్ల పుణ్యం, బర్కత్ పోతుందేమోనని భయపడి, ఆరకుండానే ఇనుప పెట్టెలో దాచింది. మొగుడిది మరకలు తీసే పని కదా, తడి గుడ్డ ఇనుప పెట్టెలో పెట్టకూడదని ఒక్క మాట అడిగినా చెప్పేవాడు. అడగలేదు. గుడ్డ విప్పితే రొమ్ము మీదికి వచ్చే చోట అరచేయంత తుప్పు మరక కనబడింది.

"గిట్లనే పోవాల్నా అజీ నేను?" అంది హలీమాబీ. "ఊరందరి మరకలు తీస్తవ్."

"తీస్తే నీళ్లల్ల ముంచాలె. జంజం పోతది."

"జంజం పోనియ్యకు. మరక ఉండనియ్యకు."

"రెండూ గావాలంటె ఎట్ల?"

"ఇన్నేండ్లు నేనేం అడగలే."

నిజమే, ఆమె ఏమీ అడగలేదు. నబీ సాబ్ గుడ్డ తీసుకుని వసారాలోకి వచ్చాడు.

ఇంతలో నేతగాడు ఆశన్న చీర కోసం వచ్చాడు. మొన్న వరదల్లో రాజోలిలో ఆశన్న చెల్లెలి ఇల్లు మునిగింది. పెట్టెలో తడిసిన చీరలన్నీ తుప్పు పట్టాయి. ఈ చలికాలమంతా నబీ సాబ్‌కు వరద చీరలతోనే సరిపోయింది. ఆశన్న చీర విప్పి, అంచు దగ్గర జరీ నల్లబడిందేమోనని వెలుతురుకు పట్టి చూశాడు. నల్లబడలేదు.

"దేవుని చెయ్యి నబీ సాబ్ నీది," అన్నాడు. తర్వాత పక్కనున్న తెల్ల గుడ్డను గుర్తుపట్టి గొంతు తగ్గించాడు. "వదినకు ఎట్లుంది?"

"గట్లనే ఉంది."

ఆశన్న చీర మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

గుడ్డంతా ముంచకుండా మరక ఒక్కటే తీయడం ఎలాగో నబీ సాబ్ అప్పటికే ఆలోచించుకున్నాడు. మరక ఉన్న చోటును ఇంకో ఖాళీ పింగాణీ గిన్నె మూతి మీద బిగించి దారంతో కట్టాడు. మిగతా గుడ్డను మడిచి శుభ్రమైన పీట మీద పెట్టాడు. దూది పాయను పొడి నీళ్లలో ముంచి, మరక మీద చుక్క చుక్కగా పిండాడు. చుక్క బట్టలోంచి దిగి గిన్నెలో పడేది. జంజం పోతే ఆ అరచేయంత మేరే పోతుంది. అల్లా అంత మాత్రం క్షమించడా అనుకున్నాడు.

మొండి మరక. మధ్యాహ్నం ముబషిరా జావ తెచ్చి తల్లికి తాగించబోయింది, ఆమె రెండు గుక్కలకే చాలంది. నబీ సాబ్ అన్నానికి లేవలేదు. నమాజుకు మాత్రం లేచి, గిన్నె మీద జంపఖానా కప్పి వెళ్లి వచ్చాడు. ఎండ వాలే వేళకు గోధుమ రంగు పోయి ఎరుపు మిగిలింది, ఎరుపు కూడా పోయి లేత ఆకుపచ్చ తడి మిగిలింది. మరక కరిగింది. ఇక ఆ చోట మంచినీళ్లు పోసి కడగడమే తరువాయి. వసారా అంచుకు ఎండ వచ్చేసింది. ఆయన చెంబు అందుకున్నాడు.

"అజీ."

ఆ పిలుపులో బలం లేదు. నోటిదాకా వచ్చిన మాటను నబీ సాబ్ ఆపుకున్నాడు. చెంబు అక్కడే పెట్టి లోపలికి వెళ్లాడు.

హలీమాబీ కళ్లు పెద్దవి చేసుకుని గాలి పీలుస్తోంది. ముబషిరా ఆమె వీపు నిమురుతోంది. ఆయన్ని చూసి హలీమాబీ ఆశ్చర్యపోయినట్టు నవ్వింది.

"కడగకుండనె వచ్చినవా?"

"వచ్చిన."

"పోయిందా?"

"పోయింది. మల్లెపూవు లెక్క అయింది."

"చూపియ్యి."

ఆయన లేవబోతే చెయ్యి పట్టుకుంది. "తర్వాత. కూసో."

ఆయన కూర్చున్నాడు. బయట ఎండ వసారా గచ్చు మీదికి పాకుతోందని ఆయనకు తెలుసు. గిన్నె ఎక్కడుందో, ఎండ అక్కడికి ఎంతసేపట్లో చేరుతుందో కూడా తెలుసు. చెయ్యి విడిపించుకోలేదు. ఆయన గరుకు వేళ్లను ఆమె బొటనవేలితో రుద్దుతూనే ఉంది. తర్వాత రుద్దడం ఆగింది. ముబషిరా "అమ్మీ" అని అరిచింది. నబీ సాబ్ ఆ చేతిని ఇంకా పట్టుకునే ఉన్నాడు.

మర్నాడు పొద్దున ఆడవాళ్లు హలీమాబీకి స్నానం చేయించి, రాత్రి నబీ సాబ్ గిన్నె మీంచి తీసి మడిచిచ్చిన గుడ్డ విప్పారు. ముబషిరా తలుపు దగ్గరికి వచ్చింది.

"అబ్బాజాన్, నడుమ పసుపు మరక ఉంది. కొత్త గుడ్డ తెప్పియ్యమంటుండ్రు."

రాత్రి మళ్లీ నానేసి ఉంటే పోయేది. గుడ్డంతా ముంచి, నీళ్లు మార్చి మార్చి ఉతకాల్సి వచ్చేది. ఒక చుక్క జంజం కూడా మిగిలేది కాదు. ఆమె రెండూ అడిగింది, ఆయన ఒకటే ఇవ్వగలిగాడు.

"వద్దు బేటీ. గదే చుట్టుండ్రి. మరక లోపలి మడతకు తిప్పుండ్రి."

ఖబరస్తాన్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఆశన్న ఇంటిదాకా వెంట నడిచాడు. వసారాలో విప్పి పడేసిన దారాన్ని, నిండు చెంబును చూశాడు.

"కడగలేదా నబీ సాబ్?"

"ఆమె పిలిచింది."

ఆశన్న తువ్వాలుతో మొహం తుడుచుకుని వెళ్లాడు. నబీ సాబ్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎదురుగా మరక నీళ్లు దిగిన పింగాణీ గిన్నె ఉంది. నీళ్లు తేటగా ఉన్నాయి, వాటి అడుగున సన్నటి పసుపు పొడి పేరుకుని ఉంది.