మిషన్లు ఆగని నవల

నా కత్తెర జన్మలో ఒక్కసారి కూడా తప్పు కోయలేదు. కోతలనుకుంటే అనుకోండి. కళ్లకు గంతలు కట్టి కోటు గుడ్డ ముందు పడేసినా, కొలతలు చెబితే చాలు, చంక దగ్గర వంపుతో సహా కోసి చేతిలో పెట్టేవాణ్ణి. ఊరి బళ్లో నాకు ఒంటబట్టింది అక్షరాలూ కూడికలూ. మిగతా చదువంతా కుట్టుగదిలో మా వదిన నోట విన్నదే.

వదినంటే మా అన్న భార్య. ఆవిడా మాతోపాటే మిషను తొక్కేది. వేళ్లు బిగుసుకుపోయి సూది పట్టలేకపోయాక, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని మాకు నవలలు చదివి వినిపించేది. దానికీ యజమాని జీతమిచ్చేవాడు. మేం ఊసుపోని కబుర్లాడుకోవడం కంటే కథ వినడం నయమని ఆయన లెక్క.

ఆ లెక్క ఒకచోట తప్పింది. కథ రసపట్టులో పడితే మిషన్లు ఆగిపోయేవి. ముందు మూలనుండే బొంగరం కాలు ఆగేది. క్షణం కుదురుగా ఉండడు గనక వాడికా పేరు. కాసేపటికి వాడి పక్కవాడిది. ఆ తర్వాత గుండీలు కుట్టే గుండీలమ్మ చేతిలో సూది. ఆఖరున నా కత్తెర నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయేది. వదిన తలెత్తేది కాదు. ఆ నిశ్శబ్దమే ఆవిడకి చప్పట్లు.

ఓ రోజు యజమాని రేడియో తెచ్చి బీరువా మీద పెట్టాడు. "అమ్మా, ఇంకొక్కసారి మిషన్లు ఆగాయంటే ఇది పాడుతుంది. మీరు ఇంటిపట్టున విశ్రాంతి తీసుకుందురుగాని" అన్నాడు.

విశ్రాంతంటే వదినకి జ్వరం కంటే భయం. సరిగ్గా అప్పుడే ఆవిడ ప్రాణంగా చూసుకునే రచయిత్రి కొత్త ప్రేమ నవల వచ్చిపడింది.

"ఏమయ్యా మరిదీ, ఆవిడ రాసింది వింటూ వేళ్లు కోసుకునేవు, జాగ్రత్త."

"ముందు మీ కుర్చీ జాగ్రత్త వదినా. మిషన్లు ఆగాయా, రేడియోనే."

"అయితే ఏం చెయ్యమంటావ్? చెడగొట్టి చదవనా?"

మొదలుపెట్టింది. నాయకుడు కారు దిగాడు. వాన. కారెక్కాడు. నాయిక కిటికీ తెర సర్దింది. మళ్లీ వాన. మిషన్లు గడగడా సాగుతూనే ఉన్నాయి.

"అమ్మా, ఇంతకీ వాడేం పని చేస్తాడు?" అన్నాడు బొంగరం.

"ప్రేమిస్తున్నాడురా."

"అది సరే. తిండికో?"

"ముందు ముందు వస్తుంది, తొక్కు."

"ఆ పిల్ల తెర ఇందాకే సర్దిందిగా అక్కా?" అంది గుండీలమ్మ.

"గాలికి మళ్లీ జరిగింది."

ఆ గాలి పుస్తకంలో లేదు. వదినే వీచింది.

నాకు కాలు నిలవడం లేదు. సుద్దముక్క కోసం బల్లంతా వెతికాను, చెవి మీదే ఉంది. బొంగరం దారం తెంపుతాడు, ఎక్కిస్తాడు, నీళ్లు తాగొస్తాడు. వదిన కళ్లజోడు తీస్తుంది, తుడుస్తుంది, పెట్టుకుంటుంది. మధ్యలో ఏదో పేజీ వదిలేశానేమో అన్నట్టు వెనక్కి తిప్పి చూస్తుంది. ఏదీ వదల్లేదు.

మధ్యాహ్నం యజమాని వచ్చి, కుట్టిన బట్టల గుట్ట చూసి మురిసిపోయాడు. "ఇదీ పుస్తకమంటే! ఇక మీద ఇలాంటివే చదవండమ్మా. మీ కుర్చీకి ఢోకా లేదు."

చెంపదెబ్బ తిన్నా వదిన ముఖం అంతలా కందదు.

"ఆఖరి అధ్యాయం ఉందిగా, అసలు కథ ఇందులో ఉంటుంది" అంది. మాతో కాదు, పుస్తకంతో. ఎన్ని పేజీలు మిగిలాయో వేలితో లెక్కపెడుతోంది. నేను చూడలేక బొంగరానికి కన్నుగీటాను. వాడు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. అందరి కాళ్లూ ఒక్కసారే ఆగాయి.

వదిన కూడా ఆగింది. "ఎందుకాపారు?"

"బాగుంది వదినా!"

"అలాగా. ఏం జరిగిందో చెప్పు."

"వాడు... కారు దిగాడు."

"ఎక్కాడు" అంది. "కథ బాగుంటే ఒకరి తర్వాత ఒకరు ఆగుతారు. అందరూ కలిసి ఆగితే అది జాలి. ఆ మాత్రం తెలీదనుకున్నావా మరిదీ?"

నిశ్శబ్దం చెవినపడి యజమాని రానే వచ్చాడు. "మళ్లీ ఆగాయే!" అంటూ రేడియో వైపు చెయ్యి చాచాడు.

"నావల్లే ఆగాయి!" అని చేతికందిన కోటు చేతులు పైకెత్తి చూపించాను. ఎత్తాక గానీ నాకే తెలియలేదు, రెండూ ఎడమ చేతులే! రెండోది బోర్లించి కోయాల్సింది, అలాగే కోసేశాను. నవ్వకండి. మొదట్లో నేను చెప్పుకున్న గొప్పలు అక్కడితో ఆఖరు. అంతకుముందు కూడా ఒకటి రెండుసార్లు ఆఖరయ్యాయనుకోండి.

యజమాని గుడ్డ పట్టుకుని లబోదిబోమన్నాడు. వదిన పుస్తకం మూసింది.

"చూడండి బాబూ. పుస్తకం బాగుంటే మా మరిది కత్తెర ఆగుతుంది. లేకపోతే ఇలా నడుస్తుంది. మీకేది నష్టమో మీరే చూసుకోండి. ఇది బాగాలేదు." అట్ట మీది పేరు ఓసారి తడిమింది. "ఆవిడే రాసింది. అయినా బాగాలేదు. ఇలాంటివే చదవమంటే నావల్ల కాదు, రేడియో పెట్టుకోండి."

యజమాని ఆ కోటు చేతుల్ని చూశాడు, రేడియోని చూశాడు. దాన్ని చంకన పెట్టుకుని, "రేపు మంచిది తెండి" అన్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "మరీ మంచిది వద్దు" అన్నాడు.

మర్నాడు వదిన అదే రచయిత్రి పాత నవల తెచ్చింది, అట్ట ఊడిపోయినది. ముందు బొంగరం కాలు ఆగింది. కాసేపటికి పక్కవాడిది. వదిన తలెత్తలేదు. ఇప్పటికీ కదిపి చూడండి, "ఆ రోజు నేనే సరిగ్గా చదవలేదు" అంటుంది గానీ, ఆ కొత్త పుస్తకాన్ని ఇంకో మాట అననివ్వదు.

ఇక ఆ రెండు ఎడమ చేతుల కోటు తొడుక్కున్న పెద్దమనిషి దారి అడిగినవాళ్లందరికీ రెండు చేతులూ ఒకేవైపు చూపించేవాడు. సగం ఊరు అటే పోయి తప్పిపోయింది.

సరే, సరే. ఆ పెద్దమనిషిని నేనే పుట్టించాను. ఆ కోటుకి అసలు చేతులే పెట్టలేదు.