మల్బరీ విల్లు

పదకొండేళ్ళ తర్వాత చెల్లెలు ఆ పనిగది గడప దాటింది. ఇంటికి రాకపోవడమంటూ లేదు. వారానికోసారి వచ్చేది, అక్కతో కబుర్లాడేది, బావను ఆటపట్టించేది. కానీ అక్క విళ్ళు చేసే వెనకగది వైపు మాత్రం కన్నెత్తి చూసేది కాదు. అలాంటిది ఆ మధ్యాహ్నం మనిషెత్తు చెక్క ఒకటి భుజాన వేసుకుని నేరుగా లోపలికొచ్చి, "పొయ్యిలోకి పనికొస్తుందేమో చూడు" అంటూ నేల మీద దించింది.

పోయినేడు గాలికి ఆమె కుట్టుకొట్టు వెనకున్న మల్బరీ చెట్టు పడిపోయింది. నిలువునా చీల్చి చూరు కింద పెట్టిన ముక్కల్లో ఇదొకటి. ఏడాదిగా నీడపట్టున ఎండి గట్టిపడింది.

అక్క కళ్ళకు పొరలు కమ్మాయి. ఆపరేషన్‌కి ఇంకా రెండు నెలలు ఆగాలన్నారు. లోకమంతా ఆమెకు పాలలో ముంచి తీసినట్టుండేది. కిటికీ ఒక తెల్లని వెలుగు మడుగు, చెల్లెలు అందులో కదిలే నీలిరంగు చీర. అందుకే చెక్కను చేతులతోనే చూసింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా అరచేయి పోనిచ్చింది. ఎక్కడా ముడి లేదు, మెలి లేదు. వేలిగోటితో తడితే గంట కొట్టినట్టు చక్కని మోత వచ్చింది.

"ఇది పొయ్యిలోకి కాదే. ఇందులో విల్లుంది."

"ఎవరికి?"

"నీకే."

చెల్లెలు నవ్వింది. "నాకా! నా చేతుల్లో విల్లు బతుకుతుందా? ఉన్న ఒక్కదాన్నీ బలం కొద్దీ లాగి విరిచేశాను కదా."

పదకొండేళ్ళ కిందట, పోటీకి ముందురోజు సాధనలో, అక్క చేసిచ్చిన ఆ విల్లు చెల్లెలి చేతుల్లోనే పగిలింది. ఒక ముక్క వచ్చి కనుబొమ్మ చీల్చింది. కొలతకు మించి లాగిందని అందరూ అన్నారు. చెల్లెలూ అదే నమ్మింది. మళ్ళీ బాణం ముట్టుకోలేదు. అక్క మాత్రం నోరు కుట్టేసుకుని కూర్చుంది.

"నువ్వు విరవలేదు." అక్క గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "తప్పు నాది. చెట్టుకి ఏటికో వలయం పడుతుంది చూడు, విల్లు బయటివైపు, వీపు మీద, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే వలయం ఉండాలి. అది తెగితే విల్లు తెగినట్టే. పోటీ దగ్గర పడిందని తొందరపడ్డా. కత్తి జారి వలయం తెగింది. పైన జిగురు రాసి, పట్టీ అంటించి కప్పేశా. తెలిసే నీ చేతిలో పెట్టా."

సరిగ్గా అప్పుడే తోలు జిగురు మరుగుతున్న గిన్నెతో బావ గుమ్మంలోకొచ్చాడు. ఆయనకు చెవులు అంతంతమాత్రం. "ఏంటర్రా, ఇద్దరూ అలా బిగుసుకుపోయారు? ఈ కంపుకేనా?" అన్నాడు.

చెల్లెలు ఆయన వైపు చూడలేదు. "పదకొండేళ్ళు నా చేతుల్ని నేనే తిట్టుకున్నా కదే అక్కా" అని మాత్రం అంది. నీలిరంగు వెలుగులోంచి జారిపోయింది. వీధి తలుపు చప్పుడైంది.

మూడు రోజులు అక్కకు ముద్ద దిగలేదు. నాలుగో రోజు పొద్దున్నే చెల్లెలు కొట్టు మూసేసి వచ్చి, ముక్కాలిపీట లాక్కుని చెక్క ముందు కూర్చుంది.

"చెయ్యి. నా ఎదురుగా చెయ్యి. నీకు కనపడదుగా, నేను చూస్తా."

అక్క రెండు పిడుల కత్తి అందుకుని తనవైపు లాగడం మొదలుపెట్టింది. బెరడు ఊడింది, తెల్లచెక్క పోయింది, లోపలి పసుపు బయటపడింది. గట్టి వలయానికీ గట్టి వలయానికీ మధ్య పొడిపొడిగా రాలే సన్నని పొర ఉంటుంది. కత్తి దాని మీదికి రాగానే చప్పుడు మారేది, ఎండుటాకు నలిగినట్టు. ఆ చప్పుడు అక్క పట్టుకునేది, రంగు చెల్లెలు పట్టుకునేది. "ఇంకాస్త. ఆ, ఆగు. ఎడమకి పో."

తేలు తోకల్లా చుట్టుకుని పొట్టు రాలుతోంది. చెల్లెలు వేలితో లెక్కపెట్టి, "ఇదిగో, ఇది మా పెద్దది పుట్టిన ఏడు. వానలు ఎక్కువ పడ్డట్టున్నాయి, ఎంత మందంగా ఉందో!" అంటే, అక్క ఆ ఏటిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. గది నిండా పసుపు వెలుతురు. తాము చెట్టు లోపలే ఎక్కడో కూర్చుని ఉన్నామనీ, బయట కాలం మెల్లగా పొరలు కట్టుకుంటోందనీ అక్కకు అనిపించేది. ఒక్కోసారి కత్తి ఒళ్ళో పెట్టుకుని అలాగే కునుకు తీసేది. చెల్లెలు లేపేది కాదు.

అయిదో రోజు, కొస దగ్గర చిన్న ఉబ్బు మీద కత్తి జారింది. చెల్లెలు గమనించనే లేదు. అక్క వేలికి మాత్రం తెలిసింది, గోరంత గాటు.

ఆమె చేయి ఒక్క క్షణం ఆ గాటు మీదే ఆగింది.

"తెగిందే" అంది.

చెల్లెలు వంగి చూసింది. "ఇంతేగా? ఇది..."

"ఇంతే. అప్పుడూ ఇంతే తెగింది."

చెల్లెలు అక్క చేతిని గాటు మీద నుంచి తీసి కత్తి పిడి మీద పెట్టింది. "అయితే కింది వలయానికి దిగుదాం. మళ్ళీ మొదట్నుంచి."

"అయిదు రోజుల పని పోయిందే!"

"పోతే పోయింది. విల్లు పల్చనవుతుంది, అంతేగా. నా మోచెయ్యికీ వయసొచ్చింది, తేలికగా ఉంటేనే మేలు."

మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి ఉబ్బు దగ్గరికి రాగానే కత్తి పక్కనపెట్టి, గాజుపెంకుతో గీకి గీకి చుట్టూ తిరిగొచ్చారు. వీపు పూర్తయ్యాక లోపలివైపు, కడుపు చెక్కారు. గోడకున్న కొయ్యకు విల్లు తగిలించి, కప్పీ మీదుగా తాడు లాగితే వంపు తెలుస్తుంది. చెల్లెలు లాగేది, అక్క రెండు రెక్కల మీద చేతులు వేసి ఎక్కడ బిరుసుగా ఉందో వెతికేది.

"కుడిరెక్క మొండికేస్తోంది."

"మీ ఆయనలా" అంది చెల్లెలు. ఆ నిజం విన్నాక ఆమె మొదటిసారి నవ్వింది ఆరోజే.

జనపనారతో అల్లిన నారి ఎక్కించి, ఇంటి వెనక రెల్లుమేట దగ్గరికి పట్టుకెళ్ళారు. గడ్డిమోపు ఒకటి ఆనించి నిలబెట్టారు. బావ ముందుజాగ్రత్తగా అన్నం గిన్నె మూత మొహానికి అడ్డం పెట్టుకుని తలుపు చాటున నించున్నాడు. చెల్లెలు బాణం తొడిగింది. అక్కకు ఏమీ కనపడదు, నారి సన్నగా మూలగడం వినపడుతోంది. తర్వాత తుమ్మెద ఎగిరినట్టు ఒక చప్పుడు, అంతే. ఏదీ పగల్లేదు.

"ఎక్కడ తగిలింది?"

"చూళ్ళేదు. కళ్ళు మూసుకున్నా."

బాణం కోసం ముగ్గురూ చాలాసేపు రెల్లులో వెతికారు. తెల్లని పూలు అక్క మొహానికి మెత్తగా తగిలాయి. చెల్లెలు ఆమె మోచెయ్యి పట్టుకుని నడిపిస్తూ, "నా కోపం పోయిందనుకోకు" అంది.

"ఉండనీ."

"ఉంటుంది, కొన్నాళ్ళు." ఆ చెయ్యి వదల్లేదు. "రేపు పొద్దున్న వస్తా. ఇంకో నాలుగు బాణాలు చేసి పెట్టు."