చేప తలకాయ నీకే ఉంచా

మకస్సార్ రేవులో తెన్రి పడవల మూతుల మీద పేర్లు రాసే రోజుల్లో, ఆ అక్షరాలు చదువుకోవడానికి చేపలు నీళ్ళలోంచి తల పైకెత్తేవి. నమ్మనివాళ్ళు రేవుకెళ్ళి ఏ ముసలి చేపనైనా అడిగి చూడొచ్చు.

పడవల పని తగ్గాక ఆమె ఒక ఇంటర్నెట్ సెంటర్లో చేరి, వచ్చినవాళ్ళ బ్లాగులకు రంగులు దిద్దిపెట్టింది. అక్కడే చూసి చూసి కోడ్ రాయడం పట్టుకుంది. ఇప్పుడు దీవుల మధ్య తిరిగే ఓడలకు టికెట్లమ్మే కంపెనీలో ఫ్రంటెండ్ ఇంజనీరు. జనం ఫోన్లో చూసేదీ, వేలితో నొక్కేదీ అంతా ఆమె చేతిపనే. వెనకాల కనపడని లెక్కాడొక్కా సప్తోది. అతను జావా మనిషి, తనకన్నా పెద్దదని ఆమెను ఎంబాక్, అంటే అక్కా, అంటాడు.

కొత్త పేజీ ఏదైనా తెన్రి ముందు కంప్యూటర్ ముట్టుకోదు. అన్నం పొట్లం కట్టిన కాయితం దులిపి, దాని మీద పెన్సిల్‌తో గళ్ళు గీస్తుంది. గళ్ళు కుదిరాక కోడ్, కోడ్ నిలబడ్డాక రంగులు, బొమ్మలు. గళ్ళలో పెట్టాల్సిన అసలు మాటలు, అందరూ అమ్మగారూ అన్నట్టు బు అని పిలిచే ఆఫీసు పెద్ద హస్నా పంపాలి. అవెప్పుడూ ఆఖరికే వస్తాయి. అందాకా మిగతా ఇంజనీర్లు అర్థంలేని అక్షరాలేవో నింపి ఊరుకుంటారు. తెన్రి మాత్రం నోటికొచ్చింది పెడుతుంది. ఆమె నోటికి వచ్చేది ఎప్పుడూ ఒక్క మనిషి గురించే.

ఆ మనిషి బాసో. ఆమె పడవ మూతి మీద పేరు రాస్తుంటే, పైనుంచి తాడు పట్టుకుని తలకిందులుగా వేలాడి, "ఆ చివరి అక్షరం తాగొచ్చిందా ఏంటి, అలా ఒరిగింది?" అన్నాడు. ఆమె కుంచె విదిలించింది. ముక్కు మీద పడ్డ నీలిరంగు చుక్కని బాసో వానాకాలం అంతా కడుక్కోలేదు. ఆ చుక్కని చూసి దారి తెలుసుకున్న నావలున్నాయి.

బాసో పెళ్ళి మాటలకు వచ్చిన రోజు తెన్రి మేనమామ కంచం ముందు కూర్చుని, "ఓడలు కడిగేవాడికి మన పిల్లనిస్తామా?" అన్నాడు. తెన్రి నోరు మెదపలేదు. బాసో తినేవాడల్లా, తనకు ప్రాణమైన చేప తలకాయ కంచంలోనే వదిలి, లేచి గుమ్మం దాటాడు. ఆమె వెనకే వెళ్ళింది.

"సొరోంగ్ పోతున్నా. నువ్వు పిలిస్తే వస్తా."

"రావాలనుంటే పిలవకపోయినా రావచ్చు."

"అయితే పిలవవు?"

"పిలవను."

సొరోంగ్ అంటే తూర్పున ఆ చివర. అక్కడి రేవులో సరుకు దించే పనిలో చేరాడు బాసో. పండక్కి "బాగున్నావా" అని మెసేజ్ పెడతాడు. "బాగున్నా" అంటుంది ఈమె. అంతే, మళ్ళీ పండగ దాకా సముద్రమే. ఇద్దరికీ బింకం ఎక్కువ. తెన్రి ఆ పిలుపంతా తీసుకెళ్ళి ఖాళీ గళ్ళలో పోసేది. మాటలు రాగానే చెరిపేసేది. ఎవరికీ తెలియదు.

సెలవుల రద్దీకి ముందు కొత్త పేజీ బయటికి వదిలారు. తెన్రి మాటలన్నీ మార్చింది. కానీ పెద్ద తెరకొక బటన్, ఫోన్ తెరకొక బటన్ విడివిడిగా చేసింది. పెద్దదాన్ని మార్చి చిన్నదాన్ని మరిచిపోయింది.

సప్తో కుర్చీతో సహా దొర్లుకుంటూ వచ్చాడు. "ఎంబాక్, నీ ఫోన్లో చూడు. టికెట్ కొనండి అని ఉండాల్సిన చోట ఏముందో!"

చూసింది. దేశమంతా కనపడేలా, ఎర్ర బటన్ మీద, ఆమె రాసిన మాట: చేప తలకాయ నీకే ఉంచా, వచ్చెయ్.

"అయ్యో!" అని తెన్రి మెషిన్ మీద పడింది.

ఆమె మార్చేలోపే జరగాల్సింది జరిగింది. జనం ఆ బటన్ని నొక్కిందే నొక్కారు. ఎక్కడికీ పోవాల్సిన పని లేనివాళ్ళు కూడా టికెట్లు కొనేశారు. తర్వాత్తర్వాత అంబోన్ నుంచి ఓడలో వచ్చిన పెద్దాయనొకడు రేవులో దిగీ దిగగానే, "తలకాయేది?" అని కూలీలని నిలదీశాడు.

ఆఫీసులో మాత్రం అప్పటికప్పుడే హస్నా వచ్చి నిలబడింది. "ఎవరిదమ్మా ఈ తలకాయ?"

"నాదే బు. పొరపాటయింది."

"తల సంగతి సరే. ఎవరికోసం ఉంచావు?"

తెన్రి చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడే ఫోన్ మోగింది. బాసో.

"తెన్రీ, నొక్కుదామని వేలెత్తా. అంతలో మాట మారిపోయింది. ఏది నిజం?"

ఆమె పెదవి కొరుక్కుంది. ఆఫీసంతా కీబోర్డుల మీద చేతులాపేసింది.

"అది... పనిలో పొరపాటు."

"ఓహో. మరి ఎవరికి రాశావు? ఊరందరికా?"

"చేపలో తలకాయ తినేది ఎవరు, ఊరందరా?" కసిరింది తెన్రి.

"నాకేం తెలుసు? నోటితో చెప్పు."

"వచ్చెయ్."

"గాలి. వినపడలా."

"వచ్చెయ్ అంటున్నా!"

"ఆఁ?"

"చెవుడా నీకు? రా బాసో! చచ్చిపోతున్నా, రా!" అని అరిచింది. రేవులో కొంగలు లేచిపోయాయి.

 బాసో మెల్లగా అన్నాడు, "మొదటిసారే వినపడింది. టికెట్ తీస్తున్నా. కానీ నీ పేజీ తెరుచుకోవట్లేదు. చక్రంలా తిరుగుతోంది. ఇక్కడ సిగ్నల్ దారమంత."

ఆమె హస్నా వంక చూసింది. పేజీని బరువెక్కించే ఆ ఎగిరే పక్షుల బొమ్మలూ, తెల్ల ఓడ బొమ్మా హస్నా ముచ్చటపడి పెట్టించినవి.

"తీసెయ్ తల్లీ," అంది హస్నా.

తెన్రి పక్షుల్ని తీసేసింది. "ఇప్పుడు?"

"తిరుగుతోంది."

ఓడ తీసేసింది. సప్తో వెనకాల తన లెక్కల బరువూ కొంత దించాడు. "ఇప్పుడు?"

"ఇంకా."

కదిలే అలల్ని తీసింది. తనే ముచ్చటపడి కలిపిన సాయంత్రపు ఆకాశం రంగు తీసింది. పేజీ తెల్లగా, కడిగిన పళ్ళెంలా అయింది. ఒక్క బటనే మిగిలింది.

"ఇప్పుడు, బాసో?"

సొరోంగ్‌లో ఎవరో సరుకు దించుతూ కేకేశారు. అలలు కొట్టుకుంటున్నాయి. తెన్రి ఫోన్ని చెవికింకా గట్టిగా నొక్కుకుంది.

"తెరుచుకుంటోంది," అన్నాడు. "మెల్లగా."