గుమ్మడికాయ పగిలాక: ఓ సినిమా సోఫా ఆత్మకథ

నేను ఒక సోఫాని. ఇళ్ళలో ఉండే సోఫాని కాదు, సినిమా సోఫాని. మీరు నన్ను చూసే ఉంటారు, గుర్తుపట్టి ఉండరు. జమీందారు హాల్లో ఎర్ర మఖమలు తొడుక్కున్నదీ నేనే, విలన్ గెస్ట్‌హౌస్‌లో తెల్ల రెగ్జిను తొడుక్కున్నదీ నేనే. తెర మీద టీలు అందించినవాళ్ళ పేర్లు కూడా వేస్తారు, నా పేరు ఏనాడూ వెయ్యలేదు. పోనివ్వండి, ఇప్పుడు నా కోపం దాని గురించి కాదు.

నన్ను ఏదో సెట్టు కోసం టేకు చెక్కతో, స్ప్రింగులతో, కొబ్బరి పీచుతో చేయించారు. షూటింగు అయిపోయాక కృష్ణానగర్‌లో సినిమా సామాన్లు అద్దెకిచ్చే యాదగిరి నన్ను కొని తన గోడౌన్‌లో వేశాడు. అక్కడ నాకు ఇరుగుపొరుగు అట్ట కత్తులు, థర్మాకోల్ సింహాసనాలు, డబ్బులు రాని ఒక ఏటీఎం. అద్దెకు వెళ్ళడం, తొడుగు మార్చుకోవడం, తిరిగి రావడం. అదే నా బతుకు.

అన్నేళ్ళలో నా మీద కూర్చోని హీరో లేడు. వద్దన్న పిల్ల వెంట ఇంటిదాకా వచ్చినవాడు, తాగొచ్చి బూట్లతో నా మీద పడుకున్నవాడు, ప్రేమించిన అమ్మాయి చెంప పగలగొట్టినవాడు, అందరినీ మోశాను. సినిమా హాల్లో జనం ఈలలేనట. "మనోడికి కాస్త దురుసెక్కువ గానీ మనసు బంగారం" అన్నారట. చెంప మీద పడ్డ చెయ్యి ఎవరికీ కనబడలేదు, లోపలున్న బంగారం మాత్రం కనబడింది. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటేనని ఊరికే అనలేదు. నోరు లేనిదాన్ని, చూస్తూ ఊరుకున్నాను.

అలాంటి నన్ను కుముదిని అనే కొత్త దర్శకురాలు అద్దెకు తీసుకుంది. ఆమెది బెజవాడలో పెళ్ళిమండపాలు అలంకరించే ఇద్దరమ్మాయిల కథ, నవ్వులాట సినిమా. ఒకరు హంసవేణి, నోరు తెరిస్తే అబద్ధం. ఇంకొకరు తబిత, వాడిన పూలను నీళ్ళు చల్లి రెండో పెళ్ళికి అంటగట్టే రకం. ఒకరి బేరాలు ఒకరు చెడగొట్టుకుంటారు. వాళ్ళ పంతాల మధ్య ఒక పెళ్ళికొడుకు పీటల మీదే భోరుమంటాడు. అలా కొట్టుకుంటూనే ఒకరినొకరు ప్రేమించుకుంటారు. బుద్ధి మాత్రం మారదు. చివరి సీనులో నా మీద పక్కపక్కన కూర్చుని, వచ్చే పెళ్ళివాళ్ళకి కలిసి ఎలా టోపీ వెయ్యాలో చెప్పుకుంటూ పగలబడి నవ్వుతారు. అంతే కథ.

నిజం చెప్పాలంటే ఆ ఇద్దరూ నాకు నచ్చలేదు. తబిత చెప్పులు విప్పకుండా నా మీద ఎక్కి నిలబడింది. హంసవేణి పల్లీలు తిని పొట్టంతా నా సందుల్లో కుక్కింది. కానీ ఒక సీనులో తబిత తిడుతూనే హంసవేణి కాలు ఒళ్ళో పెట్టుకుని గుచ్చుకున్న గాజుముక్క తీసింది. తీశాక కూడా కాలు వదల్లేదు. ఇది ప్రేమ అని నాలాంటి చెక్కముక్కకే అర్థమైంది.

నిర్మాతకి అర్థం కాలేదు. పేరు పట్టాభి, తెనాలి మనిషి. అప్పటిదాకా తీసిందంతా చూసి సెట్టు మీదకి వచ్చి నా మీద చతికిలబడ్డాడు.

"చూడమ్మా కుముదినీ, ఆడపిల్లలిద్దరూ ప్రేమించుకోటం నేను ఒప్పుకున్నా. కాలం మారిందిలే అనుకున్నా. కనీసం మంచోళ్ళయితే బావుంటది గదా. జనానికి జాలి పుట్టాలిగా."

"జాలి ఎందుకండీ?"

"మరి ఎట్టా ఒప్పుకుంటారు? చివర్లో ఇద్దరూ పెద్దోళ్ళ ముందు మోకాళ్ళ మీద కూలబడి, తప్పైపోయింది క్షమించండి అని ఏడవాల. రేపు ఆ సీను తీసెయ్."

"దేనికి క్షమించాలి? చేసిన మోసాలకా, ప్రేమించుకున్నందుకా?"

"రెంటికీ కలిపి చెప్పించు, ఓ పనైపోద్ది."

ఆ మాటకి నా స్ప్రింగులు కాగిపోయాయి. ఇన్నేళ్ళు మోశానే, ఒక్క హీరోనైనా మోకాళ్ళ మీద కూలబడమన్నారా? వాళ్ళ ప్రేమకి సర్టిఫికెట్టు అక్కర్లేదట, వీళ్ళ ప్రేమకి మాత్రం ముందు బుద్ధిమంతులనిపించుకోవాలట. పెళ్ళివాళ్ళకి టోపీ వేసిన తప్పూ, గాజుముక్క తీసిన ప్రేమా ఒకే మూటలో కట్టి క్షమాపణ అడగమంటాడా పెద్దమనిషి?

ఆయన వెళ్ళాక కుముదిని నా మీద ముడుచుకు కూర్చుని జసింతకి ఫోను చేసింది. జసింత ఆమెతో కలిసి బతికే మనిషి. "ఇంటి ఓనరుకి పిన్ని కూతుళ్ళమని చెప్పి, ఆవిడ మెట్లు కూడా మనమే కడిగి, బంగారుతల్లులు అనిపించుకుంటూ బతుకుతున్నాం జసీ. ఎందుకొచ్చిన మంచితనమో నాకే తెలీదు. వీళ్ళిద్దర్నీ మాత్రం వంచనివ్వను" అంది. నాకు ఏడుపొచ్చింది.

సినిమావాళ్ళకి ఒక ఆచారముంది. షూటింగు మొదలుపెట్టేటప్పుడు కొబ్బరికాయ, ముగిసినప్పుడు గుమ్మడికాయ. దిష్టి తీసి పగలగొట్టారంటే ఇక పని అయిపోయినట్టే. అయినా చాలామంది ఆ తర్వాత కూడా మిగిలిన చిన్నచిన్న సీన్లు తీసుకుంటారు. పట్టాభి తియ్యడు. ఇదివరకు ఒకసారి గుమ్మడికాయ కొట్టాక మళ్ళీ కెమెరా పెట్టించాడు, ఆ సినిమా బోల్తా పడింది. కథలో పస లేదని చూసినవాళ్ళంతా మొత్తుకున్నా, ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆయన నేరమంతా గుమ్మడికాయ మీద వేశాడు.

మర్నాడు కుముదిని పొద్దున్నే వచ్చి, మిగిలిన ఆ చివరి నవ్వుల సీను షూట్ చేసేసింది. తియ్యగానే ప్రొడక్షన్ మేనేజరు వారిస్తున్నా వినకుండా, కుంకుమ నింపిన గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, కెమెరాకి దిష్టి తీసి, నా కాళ్ళ దగ్గర దభీమని కొట్టింది. నా తొడుగంతా ఎర్రబడింది. సరిగ్గా అప్పుడే పట్టాభి తల్లిదండ్రుల వేషాలవాళ్ళని వెంటబెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"ఏందమ్మా ఇది?"

"షూటింగు అయిపోయిందండీ. గుమ్మడికాయ కొట్టేశాం."

ఆయన ముక్కల్ని చూశాడు, కెమెరాని చూశాడు, ముఖం పాలిపోయింది. "ఎవరూ కెమెరా ముట్టుకోమాకండి" అన్నాడు. తర్వాత నా మీద కూలబడి, "నా కొంప ముంచావు తల్లీ" అన్నాడు. ఆయన్ని మోస్తున్నందుకు జీవితంలో మొదటిసారి గర్వపడ్డాను.

నన్ను తిరిగి తీసుకోవడానికి యాదగిరి ఒప్పుకోలేదు. "గీ మరకలు పోతయా మేడం? గిసొంటి సోఫాను ఎవలు కిరాయికి తీస్కుంటరు? నువ్వే తీస్కపో" అన్నాడు. అలా మోతీనగర్‌లో కుముదిని, జసింత అద్దెకుండే ఇంటికి చేరాను.

సినిమా కొద్ది హాళ్ళలోనే ఆడింది. నవ్వినవాళ్ళు నవ్వారు. కొందరు మాత్రం నాయికల్లో మంచితనం లేదని రాశారు. ఎవరికి కావాలయ్యా మంచితనం? వాళ్ళని కోడళ్ళుగా తెచ్చుకోమని ఎవరైనా అడిగారా? ఆ రాతలు జసింత పైకి చదువుతుంటే నా పీచంతా భగ్గుమంది.

ఒక ఆదివారం ఇంటి ఓనరు సుభద్రమ్మ పైకొచ్చి నా మీద కూర్చుంది.

"నీ సినిమా చూశానమ్మా. ఆ పిల్లలేం పిల్లలు? భయం లేదు, భక్తి లేదు. మీ అక్కచెల్లెళ్ళిద్దర్నీ చూసి నేర్చుకోవాలి. ఎంత మంచివాళ్ళు."

కుముదిని తల వంచుకుంటుందనుకున్నాను. రోజూ చేసే పనే కదా. ఈసారి వంచుకోలేదు.

"మేం అక్కచెల్లెళ్ళం కాదండీ. కలిసి బతుకుతున్నవాళ్ళం" అంది. "మీరనుకున్నంత మంచివాళ్ళం కూడా కాదు."

జసింత కాఫీ కప్పుతో నా ముందుకొచ్చి ఆగిపోయింది. సుభద్రమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇల్లు ఖాళీ చెయ్యమంటుంది, లోకానికి ఇంతకంటే ఏం చేతనవును అని నేను పళ్ళు నూరుకుంటున్నాను. నా మీది బరువు మెల్లగా ముందుకు జరిగింది. లేచి వెళ్ళిపోతోందనుకున్నాను.

జసింత చేతిలోని కప్పు అందుకోవడానికట.